కాళ్లు కట్టి వదిలిన కోడి

మా పక్కింటి ఆపా గురించి మా గల్లీలో ఒక మాట చాలాకాలంగా నడుస్తోంది. మేము దిగదుడిచి వదిలేసిన కోడిని ఆమె రోడ్డు మీద నుంచి ఎత్తుకొచ్చి ఇంట్లో పెట్టుకుందని, అందువల్లనే ఆసుపత్రిలో మా అమ్మాయికి ప్రాణం మీదికి వచ్చిందని. కొత్తగా అద్దెకు దిగినవాళ్లకు కూడా ఎవరో ఒకరు ఈ సంగతి చెబుతారు. నేను పక్కనే నిలబడి ఎన్నోసార్లు విన్నాను. విని, పాల ప్యాకెట్ తీసుకుని, ఇంటికి వచ్చేశాను.

జరిగింది అది కాదు. ఈ మధ్య నోటితో చెప్పి చూశాను. విన్నవాళ్లు తమకు నచ్చినంత విని, మిగతాది పాతదే కలిపి చెప్పుకుంటున్నారు. అందుకే రాస్తున్నాను.

ఎనుమాముల మార్కెట్ దగ్గర నాకు గోనె సంచుల దుకాణం ఉంది. మిర్చి, పత్తి వచ్చే రోజుల్లో అన్నం తినే తీరిక కూడా ఉండదు. ఇల్లు దుకాణానికి దగ్గరే. ఇంటి వెనక కాస్త ఖాళీ జాగా ఉంది. అందులో మా అమ్మ కొన్ని కోళ్లు పెంచేది. ఆపా వాళ్ల పెరటికీ మా పెరటికీ మధ్య నడుము ఎత్తు గోడ. ఆమెకూ కోళ్లున్నాయి. జాకెట్లు కుట్టడం, గల్లీలో గుడ్లు అమ్మడం ఆమెకు బతుకుదెరువు. భర్త పోయాక ఒక్కతే ఉంటోంది. కొడుకు, కోడలు, పిల్లలు వేరే పేటలో ఉంటారు. వయసులో నాకంటే పెద్దది కాబట్టి నేనూ, గల్లీలో మిగతావాళ్లూ అందరం వాళ్ల ఉర్దూలో అక్కా అన్నట్టు ఆపా అనే పిలుస్తాం.

మా కోళ్లలో ఒక నల్లపెట్ట ఉండేది. పేరుకు అమ్మదే కానీ అది మా అమ్మాయిది. అప్పుడు అమ్మాయి బడిలో చదువుతోంది. పెరటి మెట్టు మీద కూర్చుని పుస్తకం తెరిస్తే ఆ పెట్ట వచ్చి ఆమె పాదాల దగ్గర ముడుచుకుని కూర్చునేది. ఆమె లేచి లోపలికి పోతే గడప దాకా వెంట వచ్చి ఆగిపోయేది.

వానలు వెనకబట్టే రోజుల్లో అమ్మాయికి జ్వరం వచ్చింది. మార్కెట్‌కు కొత్త పత్తి దిగుతున్న సమయం. మామూలు జ్వరమే అనుకుని మందుల దుకాణంలో అడిగి మాత్రలు తెచ్చి ఇచ్చాను. జ్వరం తగ్గింది కదా అనుకున్న రోజున పిల్ల మంచం మీద నుంచి లేవలేకపోయింది. హన్మకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయాం. డెంగీ అన్నారు. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయన్నారు. మోచేతి కింద ఎర్రటి చుక్కలు, ఎవరో సూదితో పొడిచినట్టు. "ప్రమాదం ఏమన్నా ఉందా సార్" అని అడిగాను. "ఉందని చెప్పలేను, లేదని చెప్పలేను, చూడాలి" అన్నాడు డాక్టరు. నా భార్య పిల్ల పక్కన కదలకుండా కూర్చుంది. నేను మాత్రం ఏదో ఒక వంకతో కిందికి దిగి మందుల దుకాణం ముందు నిలబడేవాణ్ని.

బట్టల కోసం ఇంటికి వస్తే అమ్మ నల్లపెట్టను గంప కింద మూసి పెట్టింది.

"పిల్ల మీదికెల్లి కోడిని తీస్త. గాలి సోకిందో, ఎవ్వల కన్ను పడ్డదో. డాక్టరు పని డాక్టరు చేస్తడు, మన పని మనం చెయ్యాలె" అంది.

"ఆసుపత్రిలకు కోడిని ఎట్ల రానిస్తరమ్మా?"

"పిల్ల తొడిగి ఇడిసిన బట్ట ఉన్నది గద. దాని మీద తీసినా మనిషి మీద తీసినట్టే."

"ఇంకో కోడిని తియ్యరాదు? ఇది దాని కోడి."

"నల్లది ఇదొక్కటే ఉన్నది కొడుకా. పిల్ల పాణం కన్న ఎక్కువనా కోడి?"

నేను ఆ బట్ట తెచ్చి అమ్మ చేతికిచ్చాను. అమ్మాయి చొక్కా మంచం మీద పరిచి, కోడి నెత్తిన పసుపు కుంకుమ పెట్టి, ఆ చొక్కా చుట్టూ తల నుంచి కాళ్ల దాకా తిప్పింది. తిప్పుతూ ఏదో గొణిగింది. మధ్యలో తప్పి, మళ్లీ తల దగ్గర నుంచి మొదలుపెట్టింది. ఆమెకూ నా అంత భయమే ఉందని అప్పుడు తెలిసింది.

"మూడు బాటలు కలిసేకాడ ఇడువు. ఇడిసి ఎనుకకు సూడకుంట రా. ఎవ్వలన్న పలకరిస్తె మాట్లాడకు. గేటుకాడ కాళ్లు కడుక్కొని లోపలికి రా" అని చెప్పింది. కాళ్లు కట్టమని మాత్రం ఆమె చెప్పలేదు. ఇది ముఖ్యం.

పొద్దు గూకుతోంది. సన్నగా తుంపర పడుతోంది. మార్కెట్ నుంచి వచ్చే రోడ్డు రెండుగా చీలే చోట, ఒక పక్కగా కోడిని దింపాను. అది ఒళ్లు దులుపుకుని, తల పక్కకు వంచి నన్ను చూసింది. తర్వాత నా వైపు అడుగు వేసింది.

దిగదుడిచిన కోడి వెనక్కి వస్తే, దాని మీద వదిలించుకున్నది కూడా వెనక్కి వస్తుంది. ఇది ఎవరూ నాకు చెప్పలేదు. చిన్నప్పటి నుంచి నాలో ఉన్నదే. నా పని అలాంటిది కాబట్టి జేబులో ఎప్పుడూ సుతిలి తాడు ముక్కలుంటాయి. ఒకటి తీసి, సంచి మూతి కట్టినట్టు ఆ కోడి కాళ్లు రెండూ కలిపి కట్టేశాను. గట్టిగానే కట్టాను. రోడ్డు అంచున కూర్చోబెట్టి నడక మొదలుపెట్టాను.

కాస్త దూరం వచ్చానో లేదో, వెనక హారన్ వినిపించింది. ఆ వెంటనే కోడి అరుపు. బండి ఆగలేదు. పత్తి తీసుకుపోయే ట్రాలీ కావచ్చు, నన్ను దాటి వెళ్లిపోయింది. అరుపు మాత్రం ఆగలేదు. తెగి తెగి, మళ్లీ మళ్లీ వినిపిస్తూనే ఉంది. నేను వెనక్కి చూడలేదు. అమ్మ చూడొద్దంది కాబట్టి చూడలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. ఎవరూ వద్దని చెప్పకపోయినా నేను చూసేవాణ్ని కాదు.

గేటు దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే అమ్మ అడిగింది. "ఇడిసినవా?"

"ఇడిసిన."

"తిరిగి సూడలే గద?"

"సూడలే."

తెల్లారి నా భార్య ఫోన్ చేసింది. ప్లేట్‌లెట్లు ఇంకా పడిపోయాయట. చిగుళ్ల నుంచి రక్తం వస్తోందట. ఆ మాట చెబుతూ ఏడవలేదు ఆమె. నెమ్మదిగా, ఎవరికో అడ్రసు చెబుతున్నట్టు చెప్పింది. అందుకు నాకు ఇంకా భయం వేసింది. చొక్కా గుండీలు పెట్టుకుంటూనే బయటపడ్డాను. ఆపా తన గుమ్మంలో నుంచి పిలిచింది.

"తమ్మీ, జర ఇటు రా."

పోతే, ఆమె ఇంట్లో ఒక మూల గంపలో నల్లపెట్ట ఉంది. రెక్కలకు బురద. నెత్తిన కుంకుమ కారి కంటి చుట్టూ అంటుకుంది. ఒక కాలు మోకాలి కింద వంకరగా, ఒంటికి సంబంధం లేనట్టు పడి ఉంది. సుతిలి విప్పేసింది కానీ అది కోసుకుపోయిన గీతలు కాళ్లకు అలాగే ఉన్నాయి. నేను వెనక్కి జరిగాను.

"దూరం జరుగుతవేంది? కరుస్తదా?" అంది ఆపా. "పాలకు పోయి వస్తాంటె మురికి మోరి పక్కన పడి ఉన్నది. ఇది మీ పిల్ల కోడే గదా?"

"దాన్నెందుకు తెచ్చినవ్ ఆపా? అది దిగదుడిచిన కోడి."

"బొట్టు చూసిన, నాకు తెల్వదా? మేం గూడ తీస్తం. మేం తీసి బీదోల్లకిస్తం, మీరు తొవ్వల ఇడుస్తరు. సరే, ఇడిసిండ్రు. కాళ్లెందుకు గట్టిండ్రు?"

నేను గుండీ పెట్టుకుంటూ గేటు వైపు చూశాను.

"ఇడువుడంటె ఇడువుడే గద తమ్మీ. కట్టేస్తె ఇడిసినట్టెట్లయితది?"

ఆమె మామూలుగానే అంది. వేళాకోళం కూడా ఉంది ఆ గొంతులో. కానీ నాకు నిజమే కదా అనిపించింది. కోడి నడిచి ఎటో వెళ్లిపోతే పిల్ల పీడ కూడా నడిచి వెళ్లిపోయేది. నేను దాన్ని అక్కడే కట్టేశాను. కట్టేసి, బండి కింద పడేశాను. రాత్రి నుంచి పిల్ల చిగుళ్ల వెంట రక్తం ఎందుకు వస్తోంది? నేను చదువుకున్నవాణ్నే. డెంగీ దోమ వల్ల వస్తుందని తెలుసు. అయినా ఆ గుమ్మంలో నిలబడి నా మనసు వేసిన లెక్క ఒక్కటే: ఈ కోడి మళ్లీ నడిస్తే నా బిడ్డ లేస్తుంది. ఇది చస్తే...

"జిబా చేసి కోయించి ఎవరికన్న ఇచ్చేస్త. దీనికి బాధ తీరిపోతది" అంటోంది ఆపా.

"వద్దాపా" అన్నాను. "అది చావద్దు. అది నడవాలె. నీ దగ్గర ఉంచుకో. మా ఇంటికి తేలేను. అమ్మకు తెలుస్తె చచ్చిపోతది."

"నాకు గూడ మనుమలున్నరు తమ్మీ. ఊకె పెట్టుకోమంటె ఎట్ల?" అంది. తర్వాత గంప మీద గుడ్డ కప్పుతూ, "మంచిగయ్యేదాంక పెడ్త. కట్టు మాత్రం నువ్వే కట్టాలె, నేను పట్టుకుంట. మీ అమ్మకు నువ్వే చెప్పు" అంది.

"చెప్త" అన్నాను. చెప్పలేదు.

పశువుల ఆసుపత్రికి పోయి అడిగితే అక్కడి కాంపౌండరు నవ్వాడు. "బర్రెకైతె కట్టు కడ్తం అన్నా. కోడికేం కట్టు? మసాలా పట్టు" అన్నాడు. పక్కన ఉన్నవాళ్లూ నవ్వారు. నేనూ నవ్వాను, పళ్లు కనిపించేటట్టు.

మినప్పిండిలో కోడిగుడ్డు తెల్లసొన కలిపి పట్టు వేస్తే ఎముక కదలదని చిన్నప్పుడు మా ఊళ్లో చూశాను. ఆపా తన గూట్లోంచి గుడ్డు తెచ్చి కొట్టింది. "కోడి కాలుకు కోడి గుడ్డు. ఎవ్వలన్న చూస్తె మనిద్దరికి కట్టు కడ్తరు" అంది. పాత బుట్ట అంచులోంచి వెదురు పుల్లలు తీసి నున్నగా చెక్కాను. ఆమె కోడిని చీర కొంగులో చుట్టి, తలను చంకలో పెట్టుకుని, కాలు మాత్రం బయటికి పట్టుకుంది. ఎముకను సర్దుతుంటే లోపల ఒకదానికొకటి రాసుకోవడం నా వేళ్లకు తెలిసింది. కోడి అరవలేదు. నోరు తెరిచి ఊపిరి పీల్చింది. దాని కన్ను నా మీదే ఉంది. పుల్లలు పెట్టి, పిండి పట్టు వేసి, గుడ్డ చుట్టి కట్టేశాను.

సాయంత్రం పోయి చూస్తే కోడి వేళ్లు చల్లబడి నల్లగా అయ్యాయి.

"ఇంత బిర్రుగ కడ్తవా? సంచి మూతి అనుకున్నవా?" అంటూ ఆపా కత్తెర తెచ్చింది. ఇన్నేళ్ల నుంచి నా చేతులకు తెలిసింది ఆ ముడి ఒక్కటే. కట్టు కోస్తుంటే కత్తెర రెండుసార్లు జారింది. మళ్లీ వదులుగా కట్టాం. వేళ్లలోకి వెచ్చదనం వచ్చేదాకా వాటిని నా అరచేతిలో పట్టుకుని కూర్చున్నాను. వెచ్చదనం వచ్చిందో, నా చెయ్యి వేడే తగులుతోందో తెలియలేదు.

తర్వాతి రోజులన్నీ ఆ గంపకూ ఆ వార్డుకూ మధ్య గడిచాయి. అమ్మాయికి కలిపిన ఓఆర్ఎస్ నీళ్లు సీసాలో కాస్త మిగిల్చి తెచ్చి, మందు మూతతో కోడి ముక్కు పక్కన చుక్కలు చుక్కలుగా పోసేవాణ్ని. నానబెట్టిన నూకలు వేలితో నోట్లో పెట్టేవాణ్ని. అక్కడ పిల్ల పెదవులు చూసేవాణ్ని, ఇక్కడ కోడి జుట్టు చూసేవాణ్ని. జుట్టు ఎర్రగా ఉంటే ఊపిరి ఆడేది. కాస్త నలుపు తిరిగితే ఆసుపత్రి మెట్లు ఎక్కడానికి కాళ్లు వచ్చేవి కావు. కోడి నూకలు తిన్న రోజు ప్లేట్‌లెట్లు నిలబడ్డాయి. కోడి తల వాల్చిన రోజు పిల్లకు ముక్కు నుంచి రక్తం వచ్చింది. ఇవి రెండూ నిజంగా అలా జరిగాయో, నా భయమే వాటిని అలా జత చేసిందో ఇప్పుడు చెప్పలేను. ఇది పిచ్చి అని నాకు అప్పుడూ తెలుసు. తెలిసినందువల్ల భయం ఏమీ తగ్గలేదు.

"డాడీ, నల్లది గుడ్డు పెట్టిందా?" అని అడిగింది అమ్మాయి ఒక మధ్యాహ్నం, కళ్లు తెరవకుండానే.

"పెట్టింది బిడ్డా."

"మమ్మీకి చెప్పకు. నేను వచ్చినంక తీస్త."

అమ్మ చూడకుండా ఎన్నాళ్లు దాగుతుంది? ఒక సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి గల్లీలో గుంపు ఉంది. పెరట్లో బట్టలు ఆరవేస్తూ అమ్మ గోడ మీదుగా చూసిందట. ఆపా తన పెరట్లో గంప ఎత్తి కోడికి గాలి తగలనిస్తోందట. కాలికి కట్టుతో నల్లపెట్ట.

"ఏమమ్మా, నీకు కోళ్లు కరువైనయా?" అమ్మ ఆపా గుమ్మం ముందు నిలబడి అరుస్తోంది. "నా మనుమరాలి పీడను తొవ్వల ఇడిసివస్తె, ఏరుకొచ్చి నా గోడకే కడ్తవా? గందుకే పిల్ల లేస్తలేదు. ఆడ నెత్తురు కక్కుతాంది నా బిడ్డ."

"మన పట్టింపులు ఆమెకేమెరుక అత్తా" అంది ఎదురింటామె. అందులో సర్దిచెప్పడమూ ఉంది, ఎత్తిపొడుపూ ఉంది.

ఆపా గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో సగం కుట్టిన జాకెట్ ఉంది. "పాణం ఉన్నది. తెచ్చిన" అంది. అంతే. నన్ను చూసింది. ఇప్పుడు చెబుతాడు అన్నట్టు చూసింది.

అమ్మ కూడా నా వైపు తిరిగింది. "నువ్వడుగవేందిరా? నోట్ల మాట లేదా?"

నా నోట్లో మాట ఉంది. కాళ్లు కట్టింది నేను, ఉంచుకోమన్నది నేను. కానీ ఆ మాట అంటే, పిల్లకు ఎక్కువైంది నా చేతుల వల్ల అని గల్లీ అంతా అనుకుంటుంది. అమ్మ అనుకుంటుంది. ఆసుపత్రిలో నా భార్య వింటుంది. రేపు పిల్లకు ఏమైనా అయితే, ఆ మాట చచ్చేదాకా నా మీద ఉంటుంది. అప్పటికే ఆ మాట నా లోపల నేను అనుకుంటున్నాను. బయట నుంచి వినడానికి ధైర్యం చాలలేదు.

"పోనియ్యమ్మా. తెల్వక తెచ్చింది. లోపలికి పా" అన్నాను.

ఇవి నేను అన్న మాటలే. ఆమెను నేను క్షమించినట్టు మాట్లాడాను. ఆపా జాకెట్ మడిచి లోపలికి పోయి తలుపు వేసుకుంది.

ఆ వెంటనే నా భార్య ఫోన్. పిల్లకు బీపీ పడిపోతోందని ఐసీయూకు మార్చారు. అక్కడికి పోయాక లోపలికి రానివ్వలేదు. తలుపుకు ఉన్న చిన్న అద్దంలోంచి చూస్తే దుప్పటి, దాని మీద వైర్లు కనిపించాయి. దుప్పటి కదులుతోందా లేదా అని చూస్తూ నిలబడ్డాను. తర్వాత మెట్ల మీదికి వచ్చి ఆపాకు ఫోన్ చేశాను. అంత జరిగాక కూడా క్షమించమని అడగడానికి చెయ్యలేదు.

"ఆపా, కోడి ఎట్లున్నది?"

అవతల నీళ్ల చప్పుడు వచ్చింది.

"ఉన్నది" అంది. "డోర్నకల్‌కు పంపిన, మా చెల్లె ఇంటికి. మీ అమ్మ కండ్ల ముంగట వద్దని."

"నడుస్తాందా?"

"కుంటుతాంది గని నడుస్తాంది. ఇగ దాని ఫికర్ ఇడిసిపెట్టు. పిల్లను చూసుకో."

నేను ఆ మెట్ల మీదే తల గోడకు ఆనించి కూర్చున్నాను. చాలా రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి పూర్తిగా లోపలికి పోయింది. ఆ తర్వాత రోజూ ఫోన్ చేశాను. రోజూ అదే అడిగాను. నడుస్తోందని చెప్పింది. నూకలు తింటోందని చెప్పింది. గుడ్డు పెట్టిందని కూడా ఒకనాడు చెప్పింది. పిల్ల ఐసీయూ నుంచి బయటికి వచ్చింది. ప్లేట్‌లెట్లు పెరిగాయి. ఇంటికి వచ్చింది. నల్లపెట్టను కుక్క ఎత్తుకుపోయిందని చెప్పాం. ఆమె ఏడ్చి ఊరుకుంది.

పిల్ల బాగైతే ఆపా మీద మాట కూడా పోతుందనుకున్నాను. పోలేదు. అమ్మ గోడ మీద ఇనుప తీగల జాలీ కట్టించింది. ఆపా దగ్గర గుడ్లు కొనేవాళ్లు ఒక్కొక్కరే మానేశారు. దిగదుడుపు కోళ్లు తిరిగిన గూటిలోని గుడ్లు పసిపిల్లలకు ఎలా పెడతామన్నారు. జాకెట్లు ఇచ్చేవాళ్లూ తగ్గారు. కొన్నాళ్లకు ఆమె కోళ్లన్నీ అమ్మేసింది. గంపలు, గూడు కూడా ఎవరికో ఇచ్చేసింది. పెరడు ఖాళీ అయిపోయింది. ఇదంతా నేను జాలీ ఇవతల నుంచి చూశాను. ఎదురుపడితే "బాగున్నవా ఆపా" అనేవాణ్ని. "ఉన్న తమ్మీ" అనేది.

అలా ఏళ్లు గడిచాయి. అమ్మాయి డిగ్రీలో చేరింది. మొన్న వానాకాలంలో ఆపా చెల్లెలు డోర్నకల్ నుంచి వచ్చింది. గేటు దగ్గర కనిపిస్తే పలకరించి, ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, "అప్పట్ల మా నల్లకోడి మీ ఇంటికే వచ్చింది గదా. ఎన్నాళ్లు బతికింది?" అని అడిగాను.

"ఏం కోడి?" అంది ఆమె.

ఆపా వెనకే ఉంది. చెల్లెలిని లోపలికి పంపింది.

"అదా" అంది. "మీ అమ్మ లొల్లి చేసిన పొద్దే పాయె అది. నేను లోపలికి పోయేటాల్లకే గంపల మెడ వాల్చింది. నువ్వు ఫోన్ చేసినప్పుడు దాన్ని బొందపెట్టి చేతులు కడుక్కుంటాన."

ఇన్నేళ్ల తర్వాత, పిల్ల కళ్ల ముందు పెరిగి పెద్దదయ్యాక కూడా, కోడి చచ్చిందని వినగానే మొదట నాకు వచ్చింది భయమే. ఇంటి వైపు చూశాను.

"ఎందుకట్ల చెప్పినవ్ ఆపా?"

"ఏం చెప్పమంటవ్? పిల్ల లోపలున్నది, నువ్వు మెట్ల మీద కూసొని కోడి నడుస్తాందా అని అడుగుతాన్నవ్. చచ్చిందంటె నువ్వు ఆడనే పడిపోదువు. దినాం ఫోన్ జేస్తివి. దినాం కొత్త అబద్ధం యాడికెల్లి తేవాలె? గుడ్డు గూడ పెట్టించిన దానితోని." ఆమె నవ్వింది. నేను నవ్వలేదని చూసి ఆపేసింది. "నేను అబద్ధం చెప్పింది నీ కోసం తమ్మీ. నువ్వు ఆ పొద్దు నోరు మూసుకున్నది ఎవరి కోసం?"

జవాబు కోసం ఆగలేదు ఆమె. చెల్లెలికి చాయ్ పెట్టాలని లోపలికి పోయింది.

ఆదివారం అందరూ ఇంట్లో ఉన్నప్పుడు చెప్పాను. సుతిలి, హారన్, అరుపు, గంప, ఫోను, ఏదీ దాచకుండా చెప్పాను. అమ్మ చెవి ఒగ్గి విని, "ఆ పొద్దే చచ్చిందా?" అని అడిగింది. "గందుకే బిడ్డ లేచింది. పీడంత దాని ఎంబడే పాయె."

"అమ్మా, నేను చెప్పేది అది కాదు. ఆపా తప్పేం లేదు. నువ్వు ఆమెను గల్లీల నిలబెట్టి తిట్టినవ్, నేను నిలబడి చూసిన."

"మరి ఆమె చెప్పక ఎందుకు పడ్డది? నోరు లేదా?" అంది అమ్మ. అని, చీర అంచు వేళ్లతో నలుపుతూ కూర్చుంది.

అమ్మాయి నన్నే చూస్తోంది.

"గల్లీల అందరు చెప్పే కోడి నా నల్లదేనా? కుక్క ఎత్తుకపోయిందన్నరు గదా డాడీ."

"అబద్ధం చెప్పినం."

"కాళ్లెందుకు గట్టినవ్?"

"వెంట వస్తదని భయమేసింది బిడ్డా."

"వస్తే ఏమైతుండె?" అంది. కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. తన కోసమే అని చెప్పొచ్చు. కానీ ఆ సాయంత్రం రోడ్డు మీద ఉన్నది తన మీది ప్రేమ ఒక్కటే కాదు. భయపడినవాడు చేసే పని అది. చేతికి దొరికినదాన్ని కట్టేయడం.

అమ్మాయి లేచి చెప్పులు వేసుకుంది. ఎక్కడికని అడగలేదు నేను. ఆపా తలుపు కొట్టడం వినిపించింది. నేనూ గేటు దాకా పోయాను. అక్కడ ఆగిపోయాను. లోపల వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో వినపడలేదు. కాసేపటికి ఆపా గుమ్మంలోకి వచ్చింది.

"తమ్మీ, లోపలికొస్తవా, ఆడనే నిలబడ్తవా?"

"ఆ కోడి కాళ్లు గట్టింది నేను ఆపా" అన్నాను. "నీ ఇంట్ల ఉంచుమన్నది నేను. మా అమ్మ తిట్టవలసింది నన్ను."

"మెల్లగ చెప్పు. నాకేం చెవుడు లేదు."

"నీకు కాదాపా" అన్నాను.

ఎదురింటామె చీపురు పట్టుకునే బయటికి వచ్చింది. "ఏందన్నా, ఏమైంది?" అంది. నేను రోడ్డు దాటి ఆమె దగ్గరికి పోయి, మొదటి నుంచి మొదలుపెట్టాను.